ఆ వ్యాను ఎవరి డబ్బుతో వచ్చింది?

బ్రిటిష్ దర్శకుడు కెన్ లోచ్ తీసిన ‘సారీ వుయ్ మిస్డ్ యూ’ సినిమా 2019లో వచ్చింది. దాని గురించి ఎవరు మాట్లాడినా డెలివరీ డ్రైవర్ సినిమా అంటారు. కథ చెప్పమంటే రికీతో మొదలుపెట్టి రికీతోనే ముగిస్తారు. నాకు ఈ లెక్క ఒప్పుదల కాదు. అది రికీ భార్య ఎబీ సినిమా అంటాను నేను. వ్యాను నడిపేది రికీయే, కాదనను. కానీ ఆ వ్యానుకు కట్టిన డౌన్‌పేమెంటు ఎబీ కారు అమ్మితే వచ్చింది. సినిమా మొదలైన కాసేపటికే, ఇంట్లో కూర్చుని నాలుగు మాటలు అనుకునేలోపే, ఆ కారు పోతుంది. ఆ తర్వాత ఆ ఇంటికి జరిగే నష్టాల్లో చాలావాటికి వేరు అక్కడే ఉంది.

చూడనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. ఊరు ఇంగ్లండ్ ఉత్తరాన ఉన్న న్యూకాజిల్. రికీ బిల్డింగు పనులు చేసుకునేవాడు. 2007లో నార్తర్న్ రాక్ బ్యాంకు కుప్పకూలే స్థితికి వచ్చినప్పుడు జనం డబ్బు తీసుకోవడానికి బ్రాంచీల ముందు బారులు తీరారు. ఆ దెబ్బకు వీళ్ల ఇంటి రుణమూ పోయింది, రికీ పనీ పోయింది. అప్పటినుంచీ అద్దె ఇళ్లు, చేతికందిన పనులు. ఇద్దరు పిల్లలు, సెబ్, లైజా. సొంత వ్యాను పెట్టుకుని పార్సిళ్లు వేస్తే, రోజుకు 14 గంటలు, వారానికి 6 రోజులు ఒళ్లు వంచితే, ఎప్పటికైనా సొంతిల్లు చూడొచ్చని రికీ ఆశ. ఎబీది ఇంటింటికీ తిరిగే పని. ముసలివాళ్లకు, మంచం దిగలేనివాళ్లకు స్నానం చేయించి, తినిపించి, మందులేసి రావాలి. ఒక్కో ఇంటికి ఇంత అని లెక్క. ఇంటికీ ఇంటికీ మధ్య తిరిగే సమయానికి పైసా రాదు.

కారు ఉన్నంతకాలం ఆ మధ్య సమయాన్ని ఎలాగో సర్దుకునేది. కారు పోయాక బస్సే గతి.

ఇక్కడే నాకు లోచ్ మీద గౌరవం పెరిగింది. కారు అమ్మే సీనును ఆయన త్యాగంగా తీయలేదు. సంగీతం లేదు, కళ్లలో నీళ్లు లేవు. ఎబీ కుదరదంటుంది, నా పని సంగతేంటని అడుగుతుంది, చివరికి సరేనంటుంది. మొగుడు చెడ్డవాడు కాదు, తాగడు, కొట్టడు, ఆమెను ప్రేమగా చూసుకుంటాడు. లెక్కలు వేసి చూపిస్తాడు. ఆ లెక్కలో తప్పు కూడా లేదు, కాకపోతే ఎబీ బస్సుల్లో పోగొట్టుకోబోయే గంటలకు అందులో చోటు లేదు. తర్వాత సినిమా నిండా ఆ గంటలే. బస్సులో కూర్చుని ఫోన్లో పిల్లలను పెంచుతుంది. తిండి ఎక్కడ పెట్టిందీ, హోంవర్క్ ఎప్పుడు చేయాలీ, ఎన్నింటికి పడుకోవాలీ, అన్నీ బస్సులోంచే. ఆ గొంతులో చిరాకు ఉండదు, అది ఇంకా కష్టం చూడ్డానికి.

ఆమె చూసుకునే పెద్దావిడల్లో ఒకావిడ మోలీ. ఇద్దరూ పాత ఫొటోలు చూసుకునే సీను ఒకటి ఉంది. 1984లో గని కార్మికులు సమ్మె చేసినప్పుడు నలుగురికీ వండిపెట్టిన రోజుల ఫొటోలు మోలీ చూపిస్తుంది. ఎబీ పొద్దున ఏడున్నరకు మొదలుపెట్టి రాత్రి తొమ్మిది దాకా తిరుగుతుందని తెలిసి, ఎనిమిది గంటల పని ఏమైపోయిందమ్మా అని అడుగుతుంది. ఉపన్యాసాలు లేకుండా, ఒక ముసలావిడ అమాయకంగా అడిగిన ప్రశ్నతో నలభై ఏళ్ల చరిత్ర చెప్పేశాడు లోచ్. తర్వాత మోలీ ఎబీ తల దువ్వుతుంది. సినిమా మొత్తంలో ఎబీకి ఇంకొకరు సేవ చేసినట్టు నాకు గుర్తున్నది ఆ సీను ఒక్కటే.

బెంగళూరులో కూర్చుని న్యూకాజిల్ సినిమా గురించి ఇంత ఆవేశం ఎందుకంటారా? మా అక్కాబావలది ఈ ఊరే ఇప్పుడు. మాది మదనపల్లె పక్కన. బావకు ఎల్లో బోర్డు టాటా ఏస్ ఉంది, ఒక డెలివరీ యాప్‌కు అటాచ్ చేసి తిప్పుతాడు. అక్క హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ వైపు మూడిళ్లలో వంట చేస్తుంది. ఉండేది బొమ్మనహళ్లి లోపల ఒక సందులో. బండి లోను బావ పేరున, ఆర్‌సీ బావ పేరున, యాప్‌లో ఐడీ బావ పేరున. ముందు అద్దం మీద పిల్లలిద్దరి పేర్లు రంగు స్టిక్కర్లతో. డౌన్‌పేమెంటు మాత్రం పెళ్లికి అమ్మానాన్నలు పెట్టిన రెండు పేటల గొలుసు, గాజులు. అవి బ్యాంకులో ఉన్నాయి, ఆ గోల్డ్ లోను అక్క పేరున. నెల నెలా కంతు మెసేజ్ బావ ఫోనుకు వస్తుంది, దాని గురించి ఇంట్లో అందరికీ తెలుసు, అందరికీ టెన్షనే. ఏడాదికోసారి వచ్చే గోల్డ్ లోను మెసేజ్ అక్క ఫోనుకు వస్తుంది. దాని టెన్షన్ అక్క ఒక్కదానిదే.

గోల్డ్ లోను తిరగరాయించడం ఎలా ఉంటుందో చూడనివాళ్లకు చెప్పాలి. ఇదివరకు వడ్డీ కడితే చాలనేవాళ్లు. ఇప్పుడు అక్క వెళ్లే బ్రాంచీలో అసలూ వడ్డీ మొత్తం కట్టి, నగలు విడిపించుకుని, మళ్లీ పెట్టమంటున్నారు. అంత డబ్బు ఉంటే తాకట్టు ఎందుకు పెడుతుంది? అందుకని ఒక్కరోజుకు డబ్బు సర్దేవాళ్లు ఉంటారు. పోయినసారి నేనూ తోడు వెళ్లాను. పొద్దున పదిన్నరకు ఆ డబ్బు తాలూకు మనిషి బైకు మీద వచ్చి, మాతోపాటు బ్యాంకులోకి వచ్చి, టోకెన్ తీసుకున్నట్టే బెంచీ మీద కూర్చున్నాడు. డబ్బు కట్టాక లోపలినుంచి నగల కవరు వచ్చింది. బంగారం విలువ కట్టే అప్రైజర్ భోజనానికి లేచాడు. ఆయన తిరిగొచ్చేదాకా ఆ కవరు అక్క ఒళ్లో ఉంది. వేసుకోవచ్చు కదా కాసేపు అన్నాను. “మళ్లా తీయాల గదా” అంది. ఆయన వచ్చి, పోయినేడు తనే గీసి చూసిన గొలుసును మళ్లీ గీటురాయి మీద గీసి, మళ్లీ తూకం వేసి, మళ్లీ తన ఫీజు రాశాడు. కొత్త లోను డబ్బు ఖాతాలో పడగానే బైకు మనిషికి అసలూ, ఒక్కరోజు వడ్డీ. మధ్యాహ్నం దాటింది. ఆ పూట రెండిళ్ల వంట పోయింది. ఒకింటివాళ్లు ఏమీ అనలేదు, ఇంకో ఇంటివాళ్లు జీతంలో పట్టుకున్నారు.

ఈ ఖర్చంతా ఏ ఖాతాలో రాయాలి? బావ సంపాదన లెక్క వేసుకునేటప్పుడు డీజిల్, కంతు, ఇన్సూరెన్సు, బండి ఫిట్‌నెస్ సర్టిఫికెట్, టైర్లు అన్నీ తీసేసి మిగిలింది ఇంత అంటాడు. నిజాయితీగానే అంటాడు. గోల్డ్ లోను వడ్డీ ఆ లెక్కలోకి రాదు, అది అక్క వంట డబ్బుల్లోంచి పోతుంది కాబట్టి.

బస్సు సంగతి కూడా చెప్పాలి. కర్ణాటకలో 2023 జూన్ 11 నుంచి శక్తి పథకం కింద ఆడవాళ్లకు మామూలు ప్రభుత్వ బస్సుల్లో ఉచితం. కాకపోతే కర్ణాటక చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి. అక్క ఆధార్‌లో ఇంకా మదనపల్లె అడ్రసే ఉంది. మార్చుకోవచ్చు, కానీ రేషన్ కార్డు అక్కడ అమ్మతో కలిసి ఉంది, దాన్ని కదిలిస్తే ఇంకేం కదులుతుందో అని భయం. ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి వచ్చింది. సంక్రాంతికీ జాతరకూ వెళ్లినప్పుడు అక్క అక్కడ ఉచితంగా తిరుగుతుంది. మిగతా ఏడాదంతా బెంగళూరు సిటీ బస్సు బీఎంటీసీలో, పక్క సీటులో ఆమె జీరో టికెట్ తీసుకుంటుంటే, డబ్బులిచ్చి టికెట్ కొంటుంది. బొమ్మనహళ్లి, హెచ్‌ఎస్‌ఆర్ ప్రాంతాల్లో ఇళ్లలో పనిచేసే మనవాళ్లలో ఇలాంటివాళ్లు ఇంకెందరో.

మారతహళ్లిలో మా ఫ్రెండ్ ఫ్లాటులో నలుగురం కలిసి ఈ సినిమా చూశాక అసలు గొడవ మొదలైంది. ఒకడన్నాడు, “వ్యాను ఎవడు కొనమన్నాడ్రా వాణ్ణి? అప్పు చేసి పప్పుకూడు.” ఇంకొకడు, “కాంట్రాక్టు చదువుకోవాలి కదా” అన్నాడు. మా నలుగురిలో ఆఫర్ లెటర్ పూర్తిగా చదివి సంతకం పెట్టినవాడు ఒక్కడూ లేడని నాకు తెలుసు, సరే.

కానీ ఆ ప్రశ్నకు సినిమాలోనే జవాబు ఉంది. మొదట తెర నల్లగా ఉంటుంది, మాటలు మాత్రమే వినిపిస్తాయి. రికీ ఇన్నాళ్లూ ఏమేం పనులు చేశాడో వరసపెట్టి చెప్తుంటాడు. డిపో మేనేజరు మలోనీ తన సంగతి చెప్తాడు. ఇక్కడ నిన్ను పనిలో పెట్టుకోం, నువ్వే మాతో చేరుతున్నావు, జీతం ఉండదు ఫీజు ఉంటుంది, గెలుపోటములు నీ చేతుల్లోనే అని. మలోనీగా వేసిన రాస్ బ్రూస్టర్ అసలు వృత్తిరీత్యా పోలీసు, రికీగా వేసిన క్రిస్ హిచెన్ ఏళ్లపాటు ప్లంబరుగా చేశాడు. ఆ సీను ఒక ఇంటర్వ్యూలా కాక బేరంలా వినపడటానికి అదీ ఒక కారణం అనుకుంటాను. రోజువారీ అద్దెకు కంపెనీ వ్యాను తీసుకుంటే రోజు కష్టంలో సగం అద్దెకే పోయేలా ఉంటుంది, సొంతంగా కొంటే నెల కంతు తక్కువ. ఎవరైనా కొనడమే మంచిదంటారు. బావ కూడా అలాగే కొన్నాడు. అంతకుముందు వేరేవాళ్ల బండికి డ్రైవరుగా ఉండేవాడు, ఓనరు బాడుగలన్నీ తీసుకుని ఇతనికి జీతం విదిలించేవాడు. అందులోంచి బయటపడాలని ఎవరికుండదు? రికీ తెలివితక్కువవాడైతే ఈ సినిమాకు విలువే లేదు. అతను సరిగ్గా ఆలోచించాడు, అయినా మునిగాడు. మా ఫ్రెండ్స్‌కు నచ్చనిది అదేనేమో. తెలివిగా ఉంటే మనం మునగమని ఒక ధైర్యం ఉంటుంది కదా, దాన్ని ఈ సినిమా లాగేస్తుంది.

బండి నాది, ఇన్సూరెన్సు నాది, కూతురు నాది అంటాడు రికీ ఒకచోట. ఒక శనివారం లైజాను వ్యానులో కూర్చోబెట్టుకుని డెలివరీలకు తీసుకెళ్తాడు. తండ్రీకూతుళ్లు ఇద్దరూ నవ్వుతూ గడిపిన రోజు అదొక్కటే. ఎవరో కస్టమరు ఫిర్యాదు చేస్తే మలోనీ కుదరదంటాడు. అప్పుడంటాడు రికీ ఆ మాట. నీ బండే, మా ఫ్రాంచైజీ అంటాడు మలోనీ. బావకు ఈ సీను చెప్తే నవ్వలేదు. సీసా సీను చెప్తే నవ్వాడు. దారిలో ఆగడానికి టైము ఉండదని తోటి డ్రైవరు రికీకి మొదటిరోజే ఒక ఖాళీ ప్లాస్టిక్ సీసా ఇస్తాడు, ఎందుకో అర్థమయ్యాక రికీ నవ్వి తీసిపారేస్తాడు, తర్వాత దాని అవసరం పడుతుంది. “ఔటర్ రింగ్ రోడ్డు మీద బండి యాడ ఆపుతావు?” అన్నాడు బావ.

ఈ సినిమా చూసిన ప్రతి ఒక్కరికీ ఆ సీసా గుర్తుంటుంది. సమీక్షలన్నింటిలో ఉంటుంది. నేను అడిగేది వేరే. పొద్దున ఏడున్నర నుంచి రాత్రి తొమ్మిది దాకా బస్సుల్లో, పరాయి ఇళ్లలో తిరిగే ఎబీ ఏం చేస్తుంది? ఆ ప్రశ్న వేసిన సీను నాకు కనపడలేదు. లోచ్ అంత ఓపిగ్గా చూసినవాడు కూడా అది వదిలేశాడు. మా అక్క వంట చేసే మూడిళ్లలో ఒకింట్లో బాత్రూం వాడుకోనిస్తారు. మిగతా రెండిళ్లున్న అపార్ట్‌మెంటులో పనివాళ్లకు బేస్‌మెంటులో ఒకటుంది, దానికి గడియ సరిగ్గా పడదు. అందుకని అక్క పొద్దున నీళ్లు తక్కువ తాగుతుంది. డాక్టరు నీళ్లు బాగా తాగమని రాసిచ్చాడు, ఆ చీటీ ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంది.

సినిమాతో నాకు ఇంకో పేచీ కూడా ఉంది. చివర్లో దొంగలు రికీని కొట్టి, పార్సిళ్లు దోచుకుని, ఆ సీసాలోది అతని మీద పోసి వెళ్తారు. అంత అవసరం లేదు. అప్పటికే ఆ కుటుంబాన్ని రోజువారీ పని నలిపేస్తోంది. బయటినుంచి దొంగలు రావడంతో, వాళ్లు రాకపోతే బాగుండేదేమో అనే వెసులుబాటు ప్రేక్షకుడికి దొరుకుతుంది. దానికంటే తాళం చెవి సీను వందరెట్లు గట్టిది. ఒకరోజు వ్యాను తాళం కనపడదు. రికీ కొడుకే తీశాడనుకుని, అరిచి, చెయ్యి చేసుకుంటాడు. తీసింది లైజా. వ్యాను కదలకపోతే అందరూ మళ్లీ ముందులా అయిపోతారని ఆ పిల్ల అనుకుంది. ఆ ఇంట్లో జబ్బును సరిగ్గా పట్టుకున్నది ఆమె ఒక్కతే.

మన సినిమాల్లో పేద కుటుంబం అంటే ఒక తాగుబోతు తండ్రి, ఒక వడ్డీ వ్యాపారి, ఒక ఏడుపు పాట. పేదరికానికి ఎవడో ఒకడు కారకుడు కావాలి, వాణ్ణి కొడితే అది పోవాలి. ఇక తల్లి అయితే దేవత. దేవత అన్న తర్వాత ఆమె నగలు ఎటు పోయాయని ఎవరడుగుతారు? ఎబీని లోచ్ దేవతను చేయలేదు. దెబ్బలు తిని రికీ ఆసుపత్రిలో కూర్చుని ఉండగా మలోనీ ఫోన్ చేస్తాడు. దొంగలు పగలగొట్టిన పార్సిళ్ల స్కానరుకు ఇన్సూరెన్సు లేదు, 1,000 పౌండ్లు కట్టాలంటాడు. ఎబీ ఫోను లాక్కుని అందరి ముందు బూతులు తిడుతుంది. తిట్టాక సిగ్గుతో చితికిపోతుంది, నేను మనుషులను చూసుకునేదాన్ని, ఇలా మాట్లాడేదాన్ని కాదు అని. సినిమాలో మలోనీకి ఎదురు తిరిగి గట్టిగా మాట్లాడింది ఆమె. ఆమెకు ఆ కంపెనీలో ఐడీ లేదు, కాంట్రాక్టు లేదు, మలోనీ ముఖం కూడా చూసి ఉండదు. కానీ తన కారు ఆ వ్యానులో ఉంది.

చట్టాల విషయానికొస్తే మనం ఇంగ్లండ్ కన్నా మరీ వెనకబడి ఏమీ లేం. నీతి ఆయోగ్ 2022 నివేదిక ప్రకారం దేశంలో గిగ్ కార్మికులు, అంటే నెల జీతం మీద కాక పనికి ఇంత అని చేసేవాళ్లు, 2020-21లో 77 లక్షలు, 2029-30 నాటికి 2.35 కోట్లు అవుతారని అంచనా. రాజస్థాన్ 2023లో వాళ్ల కోసం చట్టం చేసింది, కర్ణాటక 2025లో చేసింది. కర్ణాటక చట్టం ప్రకారం కార్మికుడికి ఇచ్చే ప్రతి చెల్లింపు మీద 1 నుంచి 5 శాతం దాకా సంక్షేమ రుసుము కంపెనీ కట్టాలి. తీసేయాలంటే కారణం రాతపూర్వకంగా చెప్పి, 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. రాత్రికి రాత్రి ఐడీ బ్లాక్ అయి, ఎవరికి ఫోన్ చేయాలో తెలియక తిరిగిన డ్రైవర్లను అడిగితే ఆ 14 రోజుల విలువ తెలుస్తుంది. నేను దీన్ని తక్కువ చేయను. సంక్షేమ బోర్డు అనేది ఒకటి ఉండటమే పెద్ద మార్పు.

అయినా ఆ చట్టానికి కనిపించేది యాప్‌లో ఐడీ ఉన్న మనిషే. బండి ఎవరి బంగారంతో వచ్చిందో దానికి అనవసరం. యాప్ ద్వారా కాక, నోటిమాట మీద మూడిళ్లలో వండే మనిషి ఆ చట్టంలోకి రాదు. బావకు యాక్సిడెంటు అయితే ఏదో ఒక సాయం రావచ్చు. ఆ నెల బండి ఆగిపోయి, గోల్డ్ లోను గడువు దాటి, నగలు వేలం నోటీసులోకి ఎక్కితే దానికి ఏ బోర్డూ లేదు. డ్రైవర్ల యూనియన్లు కంపెనీలతో కూర్చుని రేట్లు మాట్లాడేటప్పుడు డీజిల్ ధర, కిలోమీటరుకు ఇంత అని లెక్కలు పెడతాయి. డౌన్‌పేమెంటు మీద ఇంట్లో కడుతున్న వడ్డీని కూడా అదే కాగితం మీద పెట్టాలి. అది బండి ఖర్చే కదా, ఇంటి ఖర్చు ఎలా అవుతుంది?

నిజానికి సినిమా ముగింపును కూడా ఇలాగే చూడాలి. కన్ను వాచి, ఒళ్లు హూనమైన రికీ తెల్లవారి వ్యాను తీస్తాడు. కొడుకు అడ్డం నిలబడతాడు, ఎబీ బతిమాలుతుంది, అతను ఆగడు. అందరూ ఇక్కడ రికీ మొండితనం గురించి, గతిలేనితనం గురించి మాట్లాడతారు. ఆ వ్యాను ఆగితే కంతు ఆగుతుంది, కంతు ఆగితే వ్యాను పోతుంది, వ్యాను పోతే ఎబీ కారు పోయింది ఉత్తుత్తికే అవుతుంది. అతను పరిగెత్తేది కంపెనీ భయంతో ఎంతో, పెళ్లాం ముందు ఆ అప్పు భయంతో అంత. మా బావ జ్వరంలో కూడా డ్యూటీ ఆన్ చేస్తాడు. అక్క వద్దని అరుస్తుంది. ఆ ఇద్దరి మధ్యా ఆ గొలుసు మాట మాత్రం ఎప్పుడూ రాదు.

ఇప్పుడు బావ రెండో బండి మాట ఎత్తాడు. డ్రైవరును పెట్టి తిప్పిద్దామని, తను ఒకప్పుడు ఎవరి దగ్గర పనిచేశాడో ఆ ఓనరులా అవుదామని. డౌన్‌పేమెంటు ఎలా అంటే ఇంకా చెప్పట్లేదు. అక్కకు ఇంకా కమ్మలు, నల్లపూసలు ఉన్నాయి. నన్నడిగితే వద్దనే అంటాను, ఇద్దరిలో ఎవరూ నన్నడగలేదు.